పొలుసు లేని చేప

పోయిన వారం లేయాబాయిని మస్కట్ రేవు మత్రాలో మేడగది కిటికీ పక్కన, చేతిలో చేపపొడి పుట్టు గిన్నెతో వదిలి వచ్చాం. టైఫాయిడు జ్వరం దిగింది గాని ఆమె కాళ్ళలోకి సత్తువ రాలేదు. నెలాఖరుకు లేచి డ్యూటీలో చేరితే సరే, లేకపోతే బొంబాయి పంపించేయక తప్పదని ఆస్పత్రి పెద్ద డాక్టరు చెప్పిన మాట మెట్ల మీద నిలబడి వింది వంటమనిషి జాహిదా. విన్నది మొదలు ఆమెకు ముద్ద దిగలేదు. యజమానురాలిని ఎలాగైనా లేపి నిలబెట్టాలని ఆ గిన్నెలో ఆమె వండి పెట్టినదేమిటో మనకు తెలుసు. అది సొర. లేయాబాయి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నోట పెట్టకూడని చేప.

కొత్తగా ఈ కథ పట్టుకున్నవారికి ఒక్క మాట. లేయాబాయి బొంబాయి యూదుల ఆడపడుచు. వాళ్ళ ముత్తాతలు కొంకణంలో గానుగ ఆడించి నూనె అమ్మేవాళ్ళట. శనివారం నాడు గానుగ కట్టరు కనుక ఊళ్ళోవాళ్ళు వాళ్ళను శనివారపు తెలికలవాళ్ళని పిలిచేవాళ్ళట. తండ్రి రైల్వేలో గార్డు కావడం వల్ల ఆమె గుంతకల్లులో పుట్టి పెరిగింది. తెలుగు మనలాగే మాట్లాడుతుంది. నర్సుగా మస్కట్ వచ్చి, పెద్ద సిస్టరై, ఇప్పుడు తల సగం నెరిసింది. ఈ ఊళ్ళో ఆమె యూదురాలన్న సంగతి జాహిదా ఒక్కదానికే తెలుసు. మిగతావాళ్ళు బొంబాయి క్రైస్తవురాలనుకుంటారు. అనుకోనీ అని ఆమె ఊరుకుంది. డెబ్బై ఏడో సంవత్సరంలో ఆ చోట అలా ఊరుకోవడమే మేలు. జాహిదా కూడా ఆ సంగతిని తన కొంగుముడిలో కట్టుకున్నంత భద్రంగా కాపాడింది.

ఇక ఈ గురువారం పొద్దున ఏం జరిగిందో చెబుతాను.

ఎండ అప్పుడే ఎదురింటి గోడ దిగుతోంది. వంటిల్లు కింద, పడకగది పైన. సందులోంచి గొంతు ముందు వచ్చింది, తరువాత మనిషి వచ్చాడు. ఆస్పత్రి బండి నడిపే సర్దార్. కడపవాడు. జాహిదాది కూడా పుట్టిల్లు కడపే కాబట్టి, ఆ ఒక్క కారణంతో ఆమెను అక్కను చేసుకున్నాడు.

"జాహిదక్కో, తలుపు తీయి. చెయ్యి పడిపోతాండాది."

"మెల్లగా అరవరా నాయనా. అమ్మ పండుకోనుంది."

"పండుకోనీలే. ఇదిగో, పిల్ల సొర. మళ్ళా వస్తే తెమ్మంటివే. ఆ చేపలమ్మే బలూచీవాడు యియ్యనంటే కొట్లాడి తెచ్చినా."

ఈత మట్ట చీలికకు గుచ్చి తెచ్చిన చేపను గడప మీద పెట్టి, చేతులు దులుపుకుని, పోకుండా నిలబడ్డాడు. అతనికి మాట్లాడకుండా పోవడం చేతకాదు.

"పెట్టినావు గదా, ఇంక పో."

"పోతా గాని, నాకొక అనుమానం తీర్చక్కా. మీ అత్తగారి నెల్లూర్లో సొరపుట్టు ఎవురికి పెడతారు? బాలింతకు. పాలు పడాలని. ఈ ఇంట్లో నువ్వొక ముసిలిదానివి. పైన సిస్టరమ్మ నీకంటే పెద్దామె. నేను చూస్తే వారం వారం సొర మోసుకొస్తాండా. మీ ఇద్దర్లో ఎవురు పురుడు పోసుకున్నట్టు? చెబితే తొట్టెల కోసం సూక్ బజారుకు పోయొస్తా."

ఇంకో రోజయితే జాహిదా గరిటె విసిరేసి నవ్వేది. ఇవాళ నవ్వబోయిన నోరు అలాగే ఆగిపోయింది. పైన స్టీలు గ్లాసును నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. చేయి జారి పడిన చప్పుడు కాదు. నిదానంగా, కావాలని పెట్టిన చప్పుడు.

"జాహిదా." గొంతు నీరసంగా ఉన్నా స్పష్టంగా ఉంది. "సర్దార్ తెచ్చింది పళ్ళెంలో పెట్టుకుని పైకి రా."

సర్దార్ జాహిదా ముఖం చూశాడు. "నేనేమన్నా తప్పు మాట్లాడితినా అక్కా?"

"లేదు. పో."

"ఎదురుగా చాయ్ అంగట్లోనే ఉంటా. కావాలంటే పిలువు." ఎందుకో అతనూ గొంతు తగ్గించి, మారుమాట లేకుండా సందు దాటాడు.

జాహిదా పళ్ళెం తీసింది. చేపను అందులో పెట్టింది. మెట్టు మీద మెట్టు ఎక్కుతుంటే, ఈ ఇంటికి వచ్చిన కొత్తలో తాను నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి కాళ్ళకు అడ్డం పడ్డాయి.

ఆ కొత్తలో ఆమెకు ఇవన్నీ పెద్ద సిస్టరమ్మ చాదస్తాల్లా ఉండేవి. గుడ్డును నేరుగా పెనం మీద కొట్టకూడదు. ముందు గాజు గ్లాసులో కొట్టి, వెలుతురుకు పట్టి చూడాలి. అందులో నెత్తుటి చుక్క కనిపిస్తే మొత్తం పారబోయాలి. ఆకుకూరను కిటికీ దగ్గరకు తీసుకుపోయి ఆకు ఆకు తిరగేసి పురుగు లేదని చూసుకోవాలి. మాంసం ఇంట్లోకే రాదు. "మేము హలాల్ చేసిందే తెస్తాం గదమ్మా, అదీ దేవుడి పేరు జెప్పి కోసిందే గదా" అని జాహిదా అడిగింది. "నిజమే, నీ దానికి నేను వంక పెట్టను. మా పద్ధతిలో కోసేవాళ్ళు వేరే. వాళ్ళు ఇక్కడ లేరు. లేనప్పుడు తినకుండా ఉంటాం, అంతే" అంది లేయాబాయి. బొంబాయిలో తినేటప్పుడు కూడా మాంసం తిన్న కంచంలో పెరుగు పడదట. మేకపిల్లను దాని తల్లి పాలల్లో వండకూడదని దేవుడి మాట. ఆ మాట కోసం వాళ్ళ అమ్మ పాలకొక గిన్నె, మాంసానికొక గిన్నె పెట్టుకుని, రెంటినీ ఒక చోట కడిగేది కూడా కాదట. బక్రీదుకు సర్దార్ వాళ్ళు ఒంటె మాంసం పంపితే జాహిదా గడప అవతలే కూర్చుని తిని, గిన్నె సర్దార్ గదిలోనే కడిగి వచ్చేది. వద్దని లేయాబాయి చెప్పలేదు. జాహిదాకే అలా అనిపించింది.

"దీన్ని కోషర్ అంటాం" అని ఒకసారి చెప్పింది లేయాబాయి. "అంటే తగినది అని."

చేపల దగ్గర మాత్రం ఇద్దరికీ పొత్తు కుదిరింది. రెక్క ఉండాలి, పొలుసు ఉండాలి. రొయ్యలు లేవు, పీతలు లేవు, సొర లేదు. వంజరం తెస్తే మొదటిసారి జాహిదానే ఇది పనికిరాదనుకుని పక్కన పెట్టింది. దాని ఒళ్ళు నున్నగా ఉంటుంది కదా. లేయాబాయి నవ్వి, గోటితో దాని పక్క మీద మెల్లగా గీకి, చెమ్కీలాంటి సన్నని పొలుసు ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టింది. "చర్మం చిరగకుండా గోటికి ఊడి రావాలి. అప్పుడది పొలుసు." ఆ చుక్కంత వెలుగును జాహిదా చాలాసేపు చూసింది. చదువు లేని తనకు ఎవరో ఒక అక్షరం దిద్దించినట్టనిపించింది ఆ రోజు.

ఇప్పుడు ఆ చేతిలోనే సొర ఉంది.

లేయాబాయి రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. జ్వరానికి ఊడగా మిగిలిన జుట్టును గట్టిగా ముడి వేసుకుంది. కిటికీ అవతల రేవులో సిమెంటు దింపుతున్న ఓడ ఒకటి, కేకలు వేస్తున్న కూలీలు. ఆమె అటు చూడలేదు.

"ఏం చేప అది?"

"నా కోసం తెప్పించుకున్నానమ్మా."

"వారం వారమా?"

జాహిదా కొంగుతో పళ్ళెం కప్పబోయింది.

"వంజరం అని నాకు పెట్టావు."

"మెత్తగా ఉడికి పొడి చేస్తే ఏదైనా ఒకటే మాదిరి…"

"వంజరం అని పెట్టావా లేదా?"

"పెట్టినానమ్మా."

లేయాబాయి చేయి చాపి మంచం పక్కన నేల చూపించింది. "కూర్చో. పళ్ళెం ఒళ్ళో పెట్టుకో. నీకు పొలుసు తీయడం నేర్పాను కదా. దీనికి ఒక్కటి తీసి నాకివ్వు."

జాహిదా కూర్చుంది. బొటనవేలి గోరు చేప పక్కన ఆనించి లాగింది. గరగరమని గరుకుకాగితం మీద గీకినట్టుంది. ఏమీ ఊడలేదు. ఇంకొంచెం కిందికి జరిపి మళ్ళీ గీకింది. తోకవైపు నుంచి తలవైపుకు గీకింది. గోరు అంచు చీలి మంట పుట్టింది. పళ్ళెంలో కొంచెం బంక, కొంచెం నీళ్ళు తప్ప మరేమీ లేదు.

"ఊఁ. తీయి."

"రావడంలేదమ్మా."

"రాదని నీకు ముందే తెలుసు."

"తెలీదమ్మా." ఆ మాట అనగానే అది సగమే నిజమని జాహిదాకు తెలిసింది. మిగతా సగం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గబగబా చెప్పుకుపోయింది. "మొదటి రోజు నేనూ చేత్తో రుద్ది చూసినా. ఇసక మాదిరి తగిలింది. వంజరానికి గూడా కంటికి కనబడవు గదా, వీటికీ సన్నగా ఉంటాయేమో అనుకున్నా. గోటితో రాలేదు. మరుగుతాండే నీళ్ళు పోసి కత్తితో గీకితే అంతా రాలిపోయింది. రాలింది గదా, రాలిందంటే పొలుసే అయ్యుంటుంది, నా అల్లాకు మీ దేవుడికి మధ్యన ఇంత సన్నదానికి తగాదా ఎందుకొస్తుంది అనుకున్నా."

"మరిగే నీళ్ళు పోస్తే నా చర్మమూ రాలుతుంది, జాహిదా."

జాహిదా చీలిన గోరును కొంగులో దాచుకుంది.

"వండింది ఎందులో?" అంది లేయాబాయి.

ఈ ప్రశ్న వస్తుందని జాహిదా అనుకోలేదు. వచ్చాక, ఇదే అసలు ప్రశ్న అని అర్థమైంది.

"ఎందులో అంటున్నాను. సిల్వరు గిన్నెలోనేనా?"

"మట్టి దాకలోనమ్మా."

లేయాబాయి కళ్ళు మూసుకుంది. ఆ దాక గుంతకల్లులో ఆమె తల్లిది. చేపకు తప్ప దేనికీ వాడలేదు. లోపల నల్లగా, నున్నగా, అద్దంలా తేలింది. తల్లి పోయాక అన్నీ పంచేసినా దాన్ని మాత్రం చీరల మధ్య చుట్టి బొంబాయి తెచ్చుకుంది, బొంబాయి నుంచి మస్కట్ తెచ్చుకుంది. ఓడలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానని ఎన్నోసార్లు చెప్పింది. మంచి దాంట్లో వండితే రుచి వస్తుందని, రుచి వస్తే నాలుగు ముద్దలు ఎక్కువ తింటుందని జాహిదా ఆలోచన. ఆ ఇంట్లో ఉన్న అన్నిటికంటే మంచిదాన్ని ఏరి మరీ తీసుకుంది.

"రాగిదైతే నీళ్ళు మరగబెట్టి శుద్ధి చేసుకోవచ్చు. కళాయి పోయించుకోవచ్చు" అంది లేయాబాయి, కళ్ళు తెరవకుండానే. "మట్టి అట్లా కాదు. తాగింది మళ్ళీ వదలదు. పగలగొట్టాల్సిందే."

"అంత మాటనొద్దమ్మా."

"నేనన్న మాట కాదే అది. మా అమ్మకు వాళ్ళమ్మ చెప్పిన మాట."

జాహిదా పళ్ళెం పక్కకు నెట్టి మంచం కోడు పట్టుకుంది. ఆమె ఏడుస్తున్నట్టు భుజాలు చెబుతున్నాయి గాని గొంతు పొడిగానే ఉంది.

"మిమ్మల్ని పంపించేస్తానంటాడే డాక్టరు. నేనేం జేసేది? కోడిగుడ్డు తిన్నారు, లేవలా. వంజరం తిన్నారు, లేవలా. మా అత్తగారి ఊర్లో మంచం పట్టిన ఆడదాన్ని సొర లేపినట్టు ఇంకోటి లేపదు. నా కూతురు గౌహర్ పురిటికి నేనాడ లేను. మీకు దెలుసు. ఇక్కడ మీ ఇంట్లో పొయ్యి దగ్గరున్నా. దానికి సొరపుట్టు జేసి పెట్టే దిక్కు లేకపోయింది. పాలు పడలా. నేను పోయినప్పుడు ఏమందో తెలుసా? 'నువ్వు పంపిన దుడ్లతో డబ్బాపాలు కొన్నాంలే అమ్మా, నీకెందుకు దిగులు' అనింది. నవ్వుకుంటా అనింది. ఆ నవ్వు నేను చచ్చేదాకా మోయాల. ఒకరికి పెట్టాల్సిన టైములో పెట్టలేకపోతిని. ఇంకొకరికన్నా పెట్టాల అనుకుంటి. అంతేనమ్మా. మిమ్మల్ని చెడగొట్టాలని గాదు."

లేయాబాయి చేయి దుప్పటి మీద నుంచి లేచి, జాహిదా తల దాకా వచ్చి, తాకకుండా ఆగిపోయింది. మళ్ళీ దుప్పటి మీదికే వెళ్ళిపోయింది. ఆ సంగతి జాహిదా చూడలేదు. చూసి ఉంటే ఆ తరువాతి కథ మరోలా ఉండేదేమో. మనుషులు విడిపోవడానికి ముందు ఒకరి చేయి ఇంకొకరి దాకా వచ్చి ఆగిన సందర్భాలు ఎన్ని ఉంటాయో ఎవరు లెక్క పెట్టారు.

"నాకు రెండోసారే తెలుసు" అంది లేయాబాయి.

జాహిదాకు వెంటనే అర్థం కాలేదు.

"ముప్పై ఏళ్ళు కాన్పులు చేసినదాన్ని. ఎంతమంది నెల్లూరు బాలింతలకు పక్కన కూర్చుని ఆ గిన్నె పట్టుకున్నానో. ఆ వాసన నాకు తెలియదా? మొదటి రోజు జ్వరం నోటికి తెలియలేదు. రెండోసారి గిన్నె మూత తీయగానే తెలిసింది."

"మరి ఎందుకు తిన్నారమ్మా?"

"అదే చెబుతున్నా. విను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఓడ వైపు చూస్తూ మాట్లాడింది.

"మా తమ్ముడు ఎలైజా ఓడ ఎక్కే రోజు అమ్మ మంచంలో ఉంది. లేవలేదు. అమ్మను వదిలి నేను వెళ్ళలేను, వాడు ఆగలేడు. మా వాళ్ళంతా ఇజ్రాయెల్ పోతున్న రోజులవి. రేవులో వాడు నా చేయి పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'తాయీ, నువ్విక్కడ, నేనక్కడ. ఏం తింటామన్నది కాదు, ఏం తినమో అదే మన ఇల్లు. నువ్వు తిననిది నేనూ తినను. అప్పుడు మనం రోజూ ఒక్క చోటే కూర్చున్నట్టు.' ఇరవయ్యేళ్ళ పైమాట. తరువాత అమ్మ పోయింది. నేను ఇక్కడికి వచ్చాను. ఇక్కడి నుంచి అక్కడికి ఉత్తరం పోదు. కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం వాడు ఎదురుగా ఉండేవాడు. గుడ్డు వెలుతురుకు పట్టి చూస్తే, అవతల వాడూ చూస్తున్నట్టుండేది. నీకు చాదస్తంగా కనిపించిందంతా అదే. దేవుడి మాట కాదనను. దేవుడి మాటే. కానీ నాకు అందులో వాడు కూడా ఉన్నాడు."

జాహిదా నేల మీదే కూర్చుని వింటోంది. ఈ మాటలు ఆమె ఇంతకుముందు ఎన్నడూ వినలేదు. ఇన్నేళ్ళు ఒక మనిషికి వంట చేసి, ఆ కంచం ముందు ఇద్దరు కూర్చుంటున్నారని తనకు తెలియలేదు.

"నేను జ్వరాన పడకముందు అబిగెయిల్ అని ఒక నర్సమ్మ వచ్చింది, గుర్తుందా? బొంబాయి నుంచి కువైట్ పోతూ ఒక పూట ఆగింది."

"గాజులు ఎక్కువేసుకునుండె. ఆమెనా?"

"ఆమే. ఆమె ఆ దేశంలో ఉండి, ఇమడలేక తిరిగొచ్చేసింది. ఎలైజా ఇంటికి వెళ్ళి భోజనం కూడా చేసిందట. వాడు అన్నీ తింటాడట, జాహిదా. కొడుకు రొయ్యలు తెస్తే ముందు వాడే కూర్చుంటాడట. పాలకూ మాంసానికీ వేరే గిన్నెలేమిటి, అవన్నీ ముసలివాళ్ళ పనులని నవ్వుతాడట. అబిగెయిల్ ఏదో సరదాకి చెప్పినట్టు చెప్పింది. నేనూ సరదాకి విన్నట్టు విన్నాను. ఆమె వెళ్ళాక పడుకున్నాను. ఇదిగో, ఇప్పటిదాకా లేవలేదు."

"అయ్యో, అమ్మా."

"నువ్వు గిన్నె మూత తీసిన రోజు, ఇది సొర అని తెలిసి కూడా ఎందుకు తిన్నానంటే…" లేయాబాయి దుప్పటి అంచు మడత పెట్టింది. "వాడు తినేది నేనూ తింటే మళ్ళీ ఇద్దరం ఒకచోట కూర్చున్నట్టు అవుతుందేమో అనుకున్నాను. నవ్వకు."

"నవ్వడంలేదమ్మా."

"ఏమీ కాలేదు. వాడు రాలేదు. రుచి బాగుంది, అంతే. నీ చేతి వంట బాగుంది. నాలుగో ముద్దకు మా అమ్మ గుర్తొచ్చింది. అయినా తిన్నాను. వంజరమని నువ్వు చెప్పావు, వంజరమని నేను నమ్మినట్టు ఉన్నాను. ఇద్దరం కలిసి ఒక నాటకం వేసుకుని అందులో బతుకుతున్నాం. ఇవాళ సర్దార్ గడపలో నిలబడి గట్టిగా చెప్పేశాడు. విన్నాక ఇక వినలేదనుకోలేను."

జాహిదాకు ఒక్కసారిగా కొంత ఊపిరి వచ్చింది. తిట్లు అయిపోయాయనుకుంది. కళ్ళు తుడుచుకుని, "ఈరోజు నుంచి అన్నీ మీరు చెప్పినట్టే చేస్తానమ్మా. కొత్త దాక తెస్తా. ఇదిగో, ఈ చేపను వాడికే ఇచ్చేస్తా. నన్ను మాత్రం పొమ్మనొద్దు" అంది.

"నిన్ను ఎందుకు పొమ్మంటాను?"

అంటూ లేయాబాయి దుప్పటి తీసింది. కాళ్ళు మంచం అంచుకు దింపింది. జాహిదా లేచి పట్టుకోబోతే వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టింది. రెండు అరచేతులూ పరుపుకు ఆనించి, ఒక్క క్షణం ఆగి, లేచి నిలబడింది. ఊగింది. పడలేదు. మంచం వదిలి, ఒక్కో అడుగే వేసుకుంటూ, గోడ పట్టుకోకుండా, కిటికీ దాకా నడిచింది.

జాహిదా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ఒక్క దృశ్యం కోసం ఆమె చేయకూడని పనంతా చేసింది. "చూసినారా అమ్మా. లేచినారు. డాక్టరుకు చెబుదాం. ఇంకెట్లా పంపిస్తాడో నేనూ చూస్తా."

"డాక్టరు పంపక్కర్లేదు" అంది లేయాబాయి. "నేనే పోతున్నాను."

కిటికీలోంచి వచ్చిన వెలుగులో ఆమె ముఖం ఎలా ఉందో కనిపించలేదు.

"ఎలైజా దగ్గరికి పోతాను. బొంబాయి పోయి అక్కడి నుంచి. కాళ్ళు నిలబడతాయా లేదా అనే ఇన్నాళ్ళూ చూస్తున్నాను. నిలబడ్డాయి. నీ సొర నిలబెట్టింది. ఆ మాట దాచను. వాడి ఎదురుగా కూర్చుని ఒక్కటి అడగాలి. ఆ కంచం ముందు నుంచి ఎప్పుడు లేచావురా, లేచేటప్పుడు నాకు ఎందుకు చెప్పలేదురా అని. తరువాత నేను వండి వాడికి పెడతాను. తింటే తింటాడు, లేకపోతే లేదు."

"మళ్ళా ఎప్పుడొస్తారు?"

"ఆ దేశం ముద్ర పడిన పాస్‌పోర్టుతో ఇక్కడికి రానివ్వరు. నీకు తెలుసు కదా."

జాహిదాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. తాను వారాల తరబడి ఒక్కో ముద్దా పెట్టి కూడగట్టిన బలమంతా లేచి నిలబడి, తనను వదిలి వెళ్ళే దారి వైపు చూస్తోంది. పెట్టకపోతే మంచంలోనే ఉండేది. మంచంలో ఉంటే డాక్టరు పంపించేవాడు. ఎటు తిప్పినా ఆ చేపకు తల ఒకవైపే ఉన్నట్టు, ఈ కథకు చివర ఒకటే ఉంది.

"సర్దార్ ఎదురుగానే ఉన్నాడు కదా" అంది లేయాబాయి. "బండి తీయమను. రూవిలో టికెట్ల ఆఫీసు మధ్యాహ్నం మూసేస్తే మళ్ళీ శనివారం దాకా తీయరు. శనివారం నేను వెళ్ళను. ఆపైన ఎన్ని రోజులు ఈ ధైర్యం ఉంటుందో నాకే తెలియదు. ఇవాళే పోవాలి." ఒక క్షణం ఆగింది. "జాహిదా. ఒక అబద్ధం తిన్నాను. రెండోది పెట్టొద్దు."

"సరేనమ్మా."

జాహిదా మెట్లు దిగింది. వంటిల్లు దాటింది. పొయ్యి పక్కన బోర్లించిన దాక వైపు చూడలేదు. సందులోకి వచ్చేసరికి ఎండ మొహాన కొట్టింది. చాయ్ అంగడి ముందు బల్ల మీద సర్దార్ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచాడు.

"ఏందక్కా, మొహమట్లుంది? సిస్టరమ్మ నా మీద కోపం జేసిందా? నేనేదో నవ్వులాటకన్నా."

"నీ మీద కాదు."

"పైనించి నా పేరు ఇనబడినట్టుండెనే. బండి కావాలనిందా? ఎక్కడికన్నా పోవాల్నా?" జేబులోంచి తాళంచెవి తీసి వేలికి తగిలించుకున్నాడు.

జాహిదా ఆ తాళంచెవి వైపు చూసింది. ఆఫీసు ఇంకాసేపట్లో మూస్తారు. రేపు శుక్రవారం. ఎల్లుండి శనివారం. ఆ తరువాత ఈ ధైర్యం ఉంటుందో ఉండదో ఆమెకే తెలియదంది. ఇన్ని రోజుల్లో ఒక మనిషి మనసు మారదా. ఒక మంచి వంజరం దొరకదా. గౌహర్ నవ్విన నవ్వు చెవిలో వినిపించింది. ఎవరో ఎప్పుడూ ఎక్కడికో పోతూనే ఉంటారు. తాను ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉంటుంది.

"లేదు" అంది. "ఎవురూ పిలవలా. అమ్మ మళ్ళా పండుకునింది. నువ్వు డ్యూటీకి పో. సాయంత్రం దాకా ఇటు రావద్దు. చప్పుడైతే లేస్తాది."

"సరేలే" అని సర్దార్ చాయ్ చివరి గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, బండి ఎక్కాడు. బండి సందు మలుపులో సముద్రం వైపు తిరిగి, దుమ్ము లేపి, కనుమరుగైంది.

దుమ్ము ఇంకా దిగలేదు. జాహిదా తల ఎత్తింది. మేడగది కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఊచలు పట్టుకుని, తన కాళ్ళ మీద తాను నిలబడి, లేయాబాయి కిందికి చూస్తోంది. మొదటి నుంచీ అక్కడే నిలబడి ఉంది.